పెరటి చలి లెక్క: రామతీర్థం పరిసరాల ఫలవృక్ష చరిత్రలో పీచ్ స్థానం

వ్యాససంగ్రహం:
చైనాలో పుట్టి శీతల దేశాలలో పెరటి చెట్టుగా స్థిరపడిన పీచ్ వృక్షం ఉత్తరాంధ్ర తీర మైదానంలో ఎందుకు నిలదొక్కుకోలేదన్న ప్రశ్నను ఈ వ్యాసం రామతీర్థం పరిసరాల నేపథ్యంలో పరిశీలిస్తుంది. హుయాన్ త్సాంగ్ యాత్రా కథనం, పండ్ల పేర్ల చరిత్ర, వలస పాలన నాటి ఉద్యాన ప్రయత్నాలు, 20వ శతాబ్దపు చలి గంటల గణన, ఏజెన్సీ కొండలలో ఇటీవలి ఆపిల్ సాగు ప్రయోగాలు ఇందులో ఆధారాలు.

కీలకపదాలు: రామతీర్థం, పీచ్, పెరటి తోట, జీడిమామిడి, సీతాఫలం, చలి గంటలు, లంబసింగి.

1. ఉపోద్ఘాతం:

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం చరిత్రకారులకు కొండల ఊరుగా పరిచితం. గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూప, చైత్య, విహారాల శిథిలాలు ఉన్నాయి. దుర్గకొండ గుహలలో జైన శిల్పాలున్నాయి. బోధికొండ చెంత రామస్వామి ఆలయం వెలసింది. అలెగ్జాండర్ రీ ఇక్కడి బౌద్ధ కట్టడాలను తవ్వించి, ఆ వివరాలను పురావస్తు శాఖ 1910–11 వార్షిక నివేదికలో ప్రకటించాడు. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనమొకటి, రాజగురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు వచ్చి నమస్కరించాడని చెబుతున్నది. రామతీర్థం చరిత్ర అనగానే పరిశోధకుల దృష్టి సహజంగా ఈ కొండల మీదికే పోతుంది.

కొండల దిగువ పల్లెలలో మరొక చరిత్ర ఉంది. అది పెరళ్లది. ఇంటి వెనుక బావి గట్టున కొబ్బరి, కంచె పక్కన మునగ, మూలన పనస, జామ, బొప్పాయి, కాస్త గరువు నేల ఉన్నచోట జీడిమామిడి, కొండ వాలుల మీద సీతాఫలం: ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా ఇవన్నీ తాతల నాటి చెట్లేనంటారు. వీటిలో జామ, బొప్పాయి, జీడిమామిడి, సీతాఫలం నాలుగూ అమెరికా ఖండాలకు చెందినవి. ఈ నేలకు వచ్చి ఐదు శతాబ్దాలు కూడా నిండనివి. దీనికి భిన్నంగా, రెండు వేల ఏండ్ల క్రితమే భారతదేశంలో నాటుకొన్నదని ఒక బౌద్ధ యాత్రికుడు రాసిపెట్టిన పీచ్ మాత్రం ఈ పెరళ్ల గడప తొక్కలేదు. ముందు వచ్చిన చెట్టు రాని చోటికి, వెనుక వచ్చిన చెట్లు ఎలా వచ్చి ఇంటివైపోయాయి?

ఈ ప్రశ్న కేవలం కుతూహలం కొద్దీ వేసుకొన్నది కాదు. ఆపిల్, పీచ్, ప్లమ్ మొక్కలు నేడు కుండీలలోనూ సంచులలోనూ తీర ప్రాంతపు సంతల వరకు వస్తున్నాయి. ఎంతటి చలినైనా తట్టుకొనే రకమన్న మాట వాటికి ఒక ప్రశంసగా వినబడుతున్నది. ఎండలు మండే ఊరిలో చలిని తట్టుకొనే గుణం దేనికి పనికివస్తుందని కొనేవారు అడగరు, అమ్మేవారు చెప్పరు. మూడు నాలుగేండ్లు నీరు పోసిన తరువాత సమాధానం చెట్టే చెబుతుంది.

2. చీనభుక్తి నుంచి కళింగ వరకు:

పీచ్ శాస్త్రీయ నామం ప్రూనస్ పెర్సికా. పర్షియా నుంచి ఐరోపాకు చేరినందువల్ల రోమన్లు దానిని పర్షియా పండుగా భావించారు. ఆ పొరపాటు శాస్త్రీయ నామంలో స్థిరపడిపోయింది. దాని పుట్టిల్లు చైనా. ఆ దేశపు ఆగ్నేయ భాగంలోని జెజియాంగ్ రాష్ట్రంలో బయటపడిన పీచ్ టెంకలు ఏడున్నర వేల ఏండ్లకు పైబడినవని పురావస్తు శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

భారతదేశానికి సంబంధించి తరచుగా ఉదాహరించే ఆధారం క్రీ.శ. 7వ శతాబ్దిలో ఇక్కడ పర్యటించిన హుయాన్ త్సాంగ్ కథనం. కనిష్కుని కాలంలో చైనా వైపు నుంచి బందీలుగా వచ్చిన రాజకుమారులు శీతకాలంలో నివసించిన ప్రదేశానికి చీనభుక్తి అని పేరు వచ్చిందనీ, అంతకుముందు ఆ ప్రాంతంలో లేని పీచ్, పియర్ చెట్లను వారే నాటారనీ ఆయన రాశాడు. అందుచేత పీచ్‌కు 'చీనాని' అనీ, పియర్‌కు 'చీనరాజపుత్ర' అనీ పేర్లు ఏర్పడ్డాయట. చీనభుక్తి పంజాబు ప్రాంతంలోనిదని పండితుల అభిప్రాయం.

ఈ కథనాన్ని యథాతథంగా స్వీకరించేవారు అదే గ్రంథంలోని మరొక భాగాన్ని సాధారణంగా పట్టించుకోరు. భారతదేశపు పంటలను స్థూలంగా వర్ణించే చోట హుయాన్ త్సాంగ్ పీచ్, పియర్, ద్రాక్ష మొదలైనవన్నీ కాశ్మీరు నుంచి వచ్చినవని పేర్కొన్నాడు. ఒకే గ్రంథంలో ఒకే పండుకు రెండు రాకడలు ఉన్నాయన్నమాట. చైనా మూలం గల ఫలవృక్షాలు కనిష్కునికి చాలా పూర్వమే కాశ్మీరు లోయకు చేరాయని పురావృక్ష అవశేషాల అధ్యయనాలు సూచిస్తున్నందున, రెండవ కథనమే చరిత్రకు దగ్గరగా కనిపిస్తుంది. రాజకుమారుల కథ ఒక విదేశీ పండుకు గౌరవప్రదమైన వంశావళిని కల్పించే ప్రయత్నంగా అర్థం చేసుకోవచ్చు. అయినా ఆ కథలో ఒక నిజం ఉంది. బందీలు శీతకాలం గడిపిన చోటనే చెట్టు నాటుకొన్నది. చలి ఉన్న చోటనే అది నిలిచింది.

హుయాన్ త్సాంగ్ తన యాత్రలో కళింగ దేశం మీదుగా కూడా వెళ్లాడు. అక్కడ పూలు, పండ్లు సమృద్ధిగా ఉన్నాయనీ, వందల 'లీ'ల దూరం అడవులు ఎడతెగక సాగుతాయనీ, ఏనుగులకు ఆ దేశం ప్రసిద్ధమనీ రాశాడు. వాతావరణం మండిపోతున్నదని కూడా రాశాడు. తన స్వదేశంలో ఇంటింటా పెరిగే చెట్టును ఉత్తరాదిన గుర్తుపట్టి ప్రత్యేకంగా చెప్పిన యాత్రికుడు, కళింగ వద్ద ఆ ప్రస్తావన తేలేదు. ఆయన మెచ్చుకొన్న భారతీయ ఫలాల జాబితాలో మామిడి, ఉసిరి, పనస, కొబ్బరి ఉన్నాయి. రామతీర్థం పెరళ్లలో నేటికీ ఆ నాలుగూ ఉన్నాయి.

3. పేరు చెప్పే చరిత్ర:

పండ్ల వలసలకు శాసనాధారాలు అరుదు. గింజను జేబులో వేసుకొని వచ్చినవాడు శాసనం వేయించడు. ఆ లోటును కొంతవరకు పేర్లు పూరిస్తాయి. ఒక చెట్టు ఒక నేలలో స్థిరపడితే ఆ నేల భాష దానికి ఒక పేరు పెడుతుంది. ఆ పేరులో అది వచ్చిన దారి అయినా ఉంటుంది, లేదా ఆ ఊరివారు దానిని ఏ పాత చెట్టుతో పోల్చి అర్థం చేసుకొన్నారన్నది అయినా ఉంటుంది.

జీడిమామిడి రెండవ కోవకు చెందిన పేరు. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి పడమటి తీరానికి తెచ్చిన ఈ చెట్టును తెలుగువారు చూసే నాటికి వారికి జీడి చెట్టు బాగా తెలుసు. బట్టల మీద గుర్తులు వేయడానికి చాకలివారు వాడిన నల్లని రసం ఆ గింజదే. దాని చమురు ఒంటికి తగిలితే పొక్కుతుంది. కొత్తగా వచ్చిన చెట్టు గింజ పెంకులోనూ అటువంటి చమురే ఉన్నది. గింజ పండుకు వెలుపల వేలాడటం కూడా జీడి పద్ధతే. ఆకు, పూత, కాపు వచ్చే కాలం మామిడిని తలపించాయి. రెండు పేర్లు కలిపి ఒక పేరు చేశారు. జీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవని ఐరోపా వృక్షశాస్త్రం చెప్పిన మాట. ఏ పాఠశాలకూ వెళ్లని రైతు కంటితో చూసి, చేతితో తాకి అదే నిర్ణయానికి వచ్చాడు. తెలుగు వృక్షనామాలలో ఇంత సూక్ష్మ పరిశీలన ఇమిడిన పేర్లు తక్కువ. కొన్ని చోట్ల వినిపించే ముంతమామిడి అన్న పేరు ఆకారాన్ని చూసి పెట్టినది. దానిలో ఈ లోతు లేదు.

సీతాఫలం విషయంలో నామకరణం ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. అమెరికా ఉష్ణమండలానికి చెందిన ఈ పండు పురాణ పాత్ర పేరును ధరించింది. దాని దగ్గరి జాతి రామాఫలమైంది. మరొకటి లక్ష్మణఫలమైంది. సీతారాములు వనవాసంలో తిన్న పండు ఇదేనన్న నమ్మకం దక్కనులోనూ తెలుగునాటా విస్తృతంగా ప్రచారంలో ఉంది. రామతీర్థం వంటి రామక్షేత్రం చుట్టూ ఆ పేరు మరింత సహజంగా అమరిపోతుంది. శరదృతువులో తట్టలలో సీతాఫలాలు అమ్మకానికి వచ్చినప్పుడు అవి సముద్రాలు దాటి వచ్చినవన్న తలంపు ఎవరికీ కలగదు. రాతి సందులలో, ఎరువు లేకుండా, పశువులు ముట్టని ఆకుతో, వేసవి అంతా మోడువారి నిలిచి తొలకరికి చిగిర్చే ఈ చెట్టు, ఈ కొండలకు పుట్టుకతోనే చెందినదన్నట్లు బ్రతుకుతుంది. అది బ్రతికిన తీరే దానికి ఆ పేరును సంపాదించి పెట్టిందనవచ్చు.

దారిని చెప్పే పేర్లు ఇంకొకవైపు ఉన్నాయి. బత్తాయి అన్న మాట డచ్చివారి రాజధాని బటావియా నుంచి వచ్చిందన్నది విస్తృతంగా అంగీకరించిన అభిప్రాయం. రామతీర్థానికి దక్షిణాన ఉన్న భీమునిపట్నం 17వ శతాబ్ది మధ్య నుంచి డచ్చివారి వర్తక స్థావరమే. అదే జాతి పండును రాయలసీమలో చీనీ అంటారు. నారింజ జాతుల పుట్టుకలో చైనాకు ఉన్న పాత్రను తలచుకొంటే ఆ పేరు తప్పు కాదు. హుయాన్ త్సాంగ్ పీచ్‌కు చెప్పిన చీనాని అన్న పేరు, తెలుగువారి చీనీ అన్న పేరు ఒకే భావనతో ఏర్పడ్డాయి. ఒకటి గ్రంథంలో మిగిలింది, మరొకటి సంతలో మిగిలింది.

పీచ్‌కు హిందీలో ఆడూ అనీ, పారసీకంలో షఫ్తాలూ అనీ సొంత పేర్లున్నాయి. తెలుగులో ఆ పండును పీచ్ అనే అంటారు. అది ఇంగ్లీషు మాట. పైగా తెలుగులో అప్పటికే ఉన్న పీచు అన్న మాటతో అది ఢీకొంటుంది. పీచు మామిడి అంటే ఉత్తరాంధ్రలో ఎవరికైనా తెలుస్తుంది. పీచ్ పండు అంటే పీచున్న పండేమోనని అనుకొనేవారు నేటికీ ఉన్నారు. ఆ పండుకు తెలుగు పేరు ఏర్పడకపోవడం దాని చరిత్రలో అతి ముఖ్యమైన ఆధారం. పండు బండెక్కి వచ్చింది గాని, చెట్టు నేలకు దిగలేదు.

4. దొరల తోటలు:

చెట్లను ఒక దేశం నుంచి తెచ్చి మరొక దేశపు వాతావరణానికి అలవాటు చేయవచ్చునన్న నమ్మకం 18, 19 శతాబ్దాల ఐరోపాలో బలంగా ఉండేది. తెలుగు తీరంలో ఆ నమ్మకానికి తొలి ప్రయోగశాల సామర్లకోట. విలియం రాక్స్‌బర్గ్ 1780లలో అక్కడ పనిచేస్తూ కాఫీ, మిరియం మొదలైన మొక్కలతో తోట పెంచాడు. ఉత్తర సర్కారుల వృక్షాలను చిత్రింపజేసి, వాటి తెలుగు పేర్లను సేకరించాడు. 1793లో ఆయన కలకత్తా ఉద్యానానికి వెళ్లిపోయాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి సంపుటాలుగా వెలువడింది. మద్రాసులో వ్యవసాయ ఉద్యాన సంఘం 1835లో ఏర్పడింది.

ఐరోపా పండ్లు మాత్రం మైదానంలో పట్టుబడలేదు. జాన్ సల్లివన్ 1820లలో నీలగిరుల మీద విడిది ఏర్పాటు చేసిన తరువాతనే మద్రాసు రాజధానిలో పీచ్, పియర్, ప్లమ్ చెట్లకు చోటు దొరికింది. ఉదకమండలం, కూనూరు, కోటగిరి తోటలలో అవి కాశాయి. తరువాతి కాలంలో కూనూరులో పండ్ల పరిశోధన కేంద్రమే వెలసింది. నాటి విశాఖపట్నం జిల్లా కూడా అదే రాజధానిలోనిది. ఇక్కడా కొండలున్నాయి, గాలికొండ సుమారు 1600 మీటర్ల ఎత్తు. దానిని తెల్లవారి ఆరోగ్య విడిదిగా మలచాలన్న 19వ శతాబ్దపు ఆలోచన జ్వరాల ధాటికి వీగిపోయింది. నీలగిరులలో తోటమాలులు, నర్సరీలు, పూల ప్రదర్శనలు విడిదిని అంటిపెట్టుకొని వచ్చాయి. విడిది నిలవని గాలికొండకు అవేవీ రాలేదు. తూర్పు కనుమల మీద పీచ్ తోటలు వెలయకపోవడానికి నేల, చలి ఎంత కారణమో, దోమ కూడా అంత కారణమనవచ్చు.

అనంతగిరి ప్రాంతంలో కాఫీ మాత్రం నిలిచింది. ఇది గమనించదగిన తేడా. కాఫీకి చల్లదనం కావాలి గాని శీతకాలం అక్కరలేదు. గడ్డకట్టే చలి తగిలితే అది చస్తుంది. పీచ్‌కు కావలసింది చల్లదనం కాదు. లెక్కకు అందే శీతకాలం.

5. చలి గంటల లెక్క:

ఆ లెక్క ఏమిటో 20వ శతాబ్దిలో గాని తేలలేదు. పీచ్ చెట్టు శరదృతువులో ఆకు రాల్చి, మొగ్గలను మూసుకొని నిద్రలోకి వెళుతుంది. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసినంత మాత్రాన మేలుకొంటే తరువాతి మంచుకు పూత మాడిపోతుంది. అందుచేత తగినంత చలి గడిచిందని లోపల లెక్క కుదిరితే తప్ప మొగ్గ విప్పుకోదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పీచ్ రకాలపై పనిచేసిన వైన్‌బర్గర్, సెంటిగ్రేడులో సుమారు 7.2 డిగ్రీలకు లోబడిన గంటలను కూడి, ఒక్కొక్క రకానికి ఎన్ని గంటలు అవసరమో 1950లో పట్టిక కట్టాడు. 1974లో యూటా శాస్త్రజ్ఞులు ఈ లెక్కను సవరించారు. మధ్యలో వెచ్చని పగళ్లు వస్తే అంతవరకు జమ అయిన చలిలో కొంత తీసివేయాలని వారు చూపారు.

ఇక్కడ రెండు గుణాలను వేరుచేసి చూడాలి. చలిని తట్టుకోవడం ఒకటి, చలిని కోరడం మరొకటి. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఎల్విన్ మీడర్ రూపొందించి 1964లో విడుదల చేసిన 'రిలయన్స్' పీచ్ మొదటి గుణానికి పేరెన్నికగన్నది. సున్నాకు దిగువన 30 డిగ్రీల ప్రాంతపు చలిలో కూడా అది బ్రతుకుతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో ఇంటి పెరడులో పీచ్ పెంచుకోవాలనుకొనేవారికి అది నమ్మకమైన రకం; అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబానికి అది సరైన ఎంపికే అవుతుంది. కాని దానికి దాదాపు వెయ్యి చలి గంటలు కావాలి. దీనికి ఎదురు కొసన ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రూపొందించిన 'ఫ్లోర్డాప్రిన్స్' ఉంది. దానికి 150 గంటలు చాలు. పంజాబ్ మైదానాలలో నేడు పీచ్ కాస్తున్నదంటే ఇటువంటి రకాల వల్లనే. సహారన్‌పూర్ పరిశోధకులు స్థానిక 'శర్బతీ' రకాన్ని ఫ్లోరిడా రకంతో సంకరపరచి 'సహారన్‌పూర్ ప్రభాత్'ను రూపొందించారు.

రామతీర్థానికి ఈ లెక్కను వర్తింపజేస్తే ఫలితం స్పష్టం. సముద్రమట్టానికి వంద మీటర్ల లోపు ఎత్తులో, సముద్రానికి చేరువలో ఉన్న ఈ మైదానంలో పుష్యమాసపు రాత్రి కూడా ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగదు. వెయ్యి గంటల మాట అటుంచి, 150 గంటలు కూడా పోగుకావు. ఇక్కడ నాటిన పీచ్ వెంటనే చచ్చిపోదు. అదే కొనుగోలుదారును మోసగించే విషయం. ఆకు వేస్తుంది, కొమ్మ సాగుతుంది, రెండేండ్లు పచ్చగా కనిపిస్తుంది. తరువాత ఒక కొమ్మ చిగిర్చితే మరొకటి మోడుగా ఉంటుంది. మొగ్గలు విచ్చకుండానే రాలుతాయి. వానాకాలంలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, కాండం మీద జిగురు కారుతుంది. లోపం నీటిదనీ ఎరువుదనీ ఇంటివారు తమను తాము నిందించుకొంటారు. చెట్టు మాత్రం రాని రాత్రుల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

6. అదే అక్షాంశం, వేరే ఎత్తు:

రామతీర్థం ఉత్తర అక్షాంశం 18.2 డిగ్రీల దరిదాపున ఉంది. థాయిలాండులోని చియాంగ్ మాయి సమీపాన గల దోయ్ పూయి కొండ 18.8 డిగ్రీల వద్ద ఉంది. సూర్యుని దృష్టిలో ఇవి ఇంచుమించు ఒకే ఊరు. దోయ్ పూయి మీది హ్మోంగ్ ప్రజలు నల్లమందు గసగసాలతో పాటు నాటు పీచ్ కూడా పండిస్తున్నారనీ, రెండింటి రాబడి దాదాపు సమానమనీ రాజు భూమిబల్ తెలుసుకొన్నాడు. నాటు చెట్లపై మేలురకం అంట్లు కట్టిస్తే నల్లమందు అవసరం తగ్గుతుందన్న ఆలోచనతో 1969లో రాజ ప్రాజెక్టు ప్రారంభమైంది. ఇది మైదానంలో జరగలేదు. వెయ్యి మీటర్లకు పైబడిన కొండలలో జరిగింది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున వేడిమి తగ్గుతుంది.

ఉత్తరాంధ్రలో ఈ పోలికకు నిలిచే చోటు అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి. అది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. రాత్రి వేళ చల్లని గాలి బరువెక్కి చుట్టుపక్కల వాలుల నుంచి లోయలోకి జారి నిలుస్తుంది కనుక, కొన్ని శీతకాలపు తెల్లవారుజాములలో అక్కడి ఉష్ణోగ్రత సున్నాను సమీపిస్తుంది. ఆ ఊరికి కొర్రబయలు అన్న మరో పేరుంది. ఆరుబయట ఉన్న మనిషి కొర్రలా, అనగా కర్రలా బిగుసుకుపోతాడన్నది స్థానికుల వివరణ. చలి గంటల పట్టికలు కట్టని కాలంలోనే చలికి పేరు పెట్టిన ఊరు అది. అక్కడ 7 డిగ్రీలకు లోబడిన చలి రాత్రికి 5 గంటల చొప్పున 30 రాత్రులు నిలిచిందనుకొంటే 150 గంటలవుతాయి. ఫ్లోర్డాప్రిన్స్‌కు సరిగ్గా అంతే కావాలి. అయితే యూటా లెక్క ప్రకారం వెచ్చని మధ్యాహ్నాలు ఈ జమను తగ్గిస్తాయి. అనగా లంబసింగి వద్ద పీచ్ భవితవ్యం సందేహాస్పదం గాని అసాధ్యం కాదు.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు గత దశాబ్దంలో చింతపల్లి, అరకు ప్రాంతాలలో ఆపిల్ సాగుకు అనువైన చోట్లను పరిశీలించి, గిరిజన రైతులతో ప్రయోగాత్మకంగా మొక్కలు నాటించారు. తెలంగాణలో కెరమెరి మండలపు రైతు ఒకరు 2020లో తన తొలి ఆపిల్ కాపును ముఖ్యమంత్రికి అందజేశాడు. హిమాచల్ ప్రదేశ్ రైతు హరిమన్ శర్మ రూపొందించిన 'హెచ్ఆర్ఎంఎన్-99' వంటి రకాలు తక్కువ చలితో కాయగలవని ఇటువంటి తోటలు చూపాయి. పత్రికలు వీటిని విజయగాథలుగా రాశాయి. చెట్టు కాయడానికీ, పంటగా నిలవడానికీ మధ్య పది పన్నెండేండ్ల దూరం ఉంటుందన్నది ఆ వార్తలలో ప్రస్ఫుటంగా కనిపించదు. చలి ఉన్న భూమి ఏజెన్సీ గిరిజనులది. ఆ చలి ఒక వనరుగా విలువ తెచ్చుకొంటే దాని ఫలితం ఎవరికి చెందాలన్న ప్రశ్న కూడా రాక తప్పదు. కాఫీ చరిత్ర ఆ ప్రశ్నను ఇప్పటికే ఒకసారి అడిగింది.

7. పెరటిలో ఉన్న చలి:

ఇంతవరకు తీర మైదానాన్ని చలి లేని నేలగా చెప్పుకోవడం జరిగింది. అది పీచ్ కొలమానంలో మాత్రమే నిజం. మామిడిని అడిగితే సమాధానం వేరుగా ఉంటుంది. మామిడి మొగ్గ ఆకుగా మారాలా, పూతగా మారాలా అన్నది నిర్ణయించుకొనే వారాలలో రాత్రులు చల్లబడాలి. 15 డిగ్రీల దరిదాపు రాత్రులు వరుసగా వస్తే పూత సమృద్ధిగా వస్తుంది. రాత్రులు వెచ్చగా ఉంటే అదే మొగ్గ చిగురుగా పోతుంది. పీచ్‌కు ఎందుకూ కొరగాని ధనుర్మాసపు చలి మామిడికి కావలసినంత చలి. ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన సువర్ణరేఖ, పణుకులు వంటి మామిడి రకాలు ఈ కొద్దిపాటి చలిని లెక్కపెట్టుకొంటూనే ఇక్కడ తరతరాలుగా నిలిచాయి. జీడిమామిడి కూడా అదే రోజులలో పూత పట్టడం యాదృచ్ఛికం కాదు.

పెరటిలో ఏ చెట్టు నాటాలన్న ప్రశ్న ఈ జిల్లాలలో తుఫాను తరువాత వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటి విజయనగరం జిల్లానూ కుదిపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస సమీపాన తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ముప్పై నలభై ఏండ్లు కాసిన చెట్టు ఒక్క రాత్రిలో పడిపోయిన చోట గొయ్యి మిగులుతుంది. ఆ గోతిలో కొబ్బరి నాటితే ఆరేడేండ్లకు కాపు, జీడిమామిడి అంటు నాటితే మూడేండ్లకు కాపు. సంచిలో అందంగా కనిపించే విదేశీ మొక్క తన వంతు కోసం సరిగ్గా ఆ సమయంలో ఎదురుచూస్తుంది. సంతలో దాని కొమ్మకు వేలాడే చీటీ మీద పండు బొమ్మ ఉంటుంది, చలి గంటల సంఖ్య ఉండదు.

రాత్రులు వెచ్చబడుతున్న కొద్దీ ఈ లెక్క మామిడికి కూడా కఠినమవుతున్నది. చలి ఆలస్యమైన ఏడాది పూత ఆలస్యమవుతుంది. ఆలస్యమైన పూత మీద మాఘమాసపు మంచు పడితే మాడిపోతుంది. నిలిచిన పిందె వైశాఖపు గాలివానకు రాలుతుంది. రామతీర్థం వైపు పల్లెలలో సంక్రాంతి నాటికి పెరటి మామిడి కొమ్మల చివర్లు చూసి, పూమొగ్గ బొడిపె కట్టిందా, లేక ఎర్రని చిగురు తొడుగుతున్నదా అని పెద్దలు చెప్పుకొంటారు.